ఆడగుర్రం చచ్చిన చోటు

"...ముట్టుకోలేదు దోన్యా మెల్బా, పక్కకి జరిపానంతే."

"జరపడమంటే ముట్టుకోవడం కాదూ? మీ రాజధానిలో వస్తువుల్ని ముట్టుకోకుండానే జరుపుతారా, ఇంజనీరు గారూ?"

"ఒక్కో దాంట్లో ఒక్కటే ఫైలుంది. ఒక్క ఫైలుకి ఒక ఫోల్డరు ఎందుకని అన్నీ ఒకచోట చేర్చాను. 'ఇతరాలు' అని పేరు పెట్టాను. ఏదీ పోలేదు. చూడండి, ముప్పై ఒకటి, ముప్పై ఒకటీ ఉన్నాయి."

"వీధిలో ఒకటే ఇల్లుందని వీధి పీకేస్తారా?"

ఇంజనీరు పేరు నోర్విన్ కాస్త్రియో. అతనికి ఇరవై ఏడేళ్ళు. సాంతా రూఫినా పురపాలక కార్యాలయంలో స్థలాల కొలతల విభాగానికి వచ్చి నాలుగు రోజులైంది. ఆ విభాగంలో ఉన్న పటాలన్నిటికీ నంబర్లు వేసి, ఫోల్డర్లన్నీ ఎత్తేసి, ఒకేచోట పోసి, నంబరు కొడితే పటం వచ్చేలా చెయ్యమని అతనికి పురమాయింపు. విభాగం అంటే ఒక గది, ఒక కిటికీ, ఒక కంప్యూటరు, మెల్బా జెలెదోన్.

"వెనక్కి తీసుకునే మీట ఉంటుందిగా," అంది మెల్బా.

"నొక్కుదామనే అనుకున్నాను. నిన్న సాయంత్రం కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి అది ఏదీ గుర్తుపెట్టుకోలేదు."

"మీకు గుర్తుందా, ఏది ఎక్కడిదో?"

"లేదండి."

"సరే, లేవండి."

అతను లేచాడు. ఆమె కూర్చుంది. బల్ల మీద అతను సొంతంగా తెచ్చుకున్న మౌస్ ఉంది. దాన్ని తోకతో సహా చుట్టి అతని చేతికిచ్చింది.

ఈ గదిలో ఇంతకుముందున్న కంప్యూటరుకి మొదట్లో మౌస్ ఉండేది. 2006లో అది పాడైంది. కొత్తది కావాలని మెల్బా అర్జీ పెట్టింది. అర్జీ మీద ఏడు సంతకాలు పడాలి. ఆరు పడ్డాక మేయరు మారాడు. మళ్ళీ మొదటి నుంచి. మూడేళ్ళకి మౌస్ వచ్చింది. ఆ మూడేళ్ళూ కిటికీ ముందు జనం ఆగలేదు కాబట్టి ఆమె పనీ ఆగలేదు. మీటలతోనే నడవడం నేర్చుకుంది. కిటికీ బొమ్మ ఉన్న మీట, దాంతోపాటు ఇంకో మీట నొక్కితే ఫోల్డర్లు తెరుచుకుంటాయి. పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు గబగబా కొడితే ఆ ఫోల్డరు మీదికెళ్ళి నిలుస్తుంది. ఎంటర్ కొడితే లోపలికి. ఆల్ట్ పట్టుకుని పైబాణం నొక్కితే బయటికి. అక్షరానికీ అక్షరానికీ మధ్య తటపటాయిస్తే కంప్యూటరు మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలెడుతుంది. మెల్బా తటపటాయించదు. వచ్చిన మౌస్‌ని డబ్బా విప్పకుండా సొరుగులో పెట్టి, దాని మీద అర్జీ నకలు అతికించింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆమె ఫోల్డర్లలో నంబర్లు లేవు. ఊళ్ళో కూడా లేవు. సాంతా రూఫినాలో ఏ ఇంటికీ నంబరుండదు, ఏ వీధి పేరూ ఎవరికీ తెలియదు. ఇల్లెక్కడంటే అందరికీ తెలిసిన గుర్తొకటి పట్టుకుని, అక్కడినుంచి ఎన్ని వీధులు ఎగువకో, ఎన్ని దిగువకో, ఎంత సరస్సు వైపుకో చెబుతారు. సూర్యుడు ఎక్కివచ్చే వైపు ఎగువ, దిగిపోయే వైపు దిగువ. ఆ గుర్తు ఇప్పుడు ఉండాలన్న నియమం లేదు. చాలావాటికి లేదు కూడా. మెల్బా అలాగే ఫోల్డర్లు పెట్టింది. 'సినిమా హాలు ఉన్నచోటు' తెరిస్తే లోపల ఎగువ, దిగువ, సరస్సు, దక్షిణం. ఎగువ తెరిస్తే ఒక వీధి, రెండు వీధులు, మూడు వీధులు. రెండో వీధిలో 'అర వీధి సరస్సు వైపుకి, పచ్చ గేటు.' అందులో ఆ ఇంటి పటం. ఎవరైనా కిటికీ దగ్గరికొచ్చి తమ ఇల్లెక్కడో చెబుతుంటే ఆమె వేళ్ళు వాళ్ళతోపాటే నడిచేవి. వాళ్ళు "పచ్చ గేటు" అనేసరికి పటం తెర మీద ఉండేది. పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు అది చూసి రెండోసారి చేసి చూపించమనేవారు.

ఆమెకి ఇంకో పద్ధతుంది. అడగనిదే ఏ ఫోల్డరూ తెరవదు. వరసలో పోతూ పోతూ పక్కింటి తలుపు తోసి చూడ్డం ఆమెకి నచ్చదు.

ఇరవై నిమిషాల్లో ముప్పై ఫోల్డర్లు తిరిగి పెట్టేసింది. 'గుడ్డివాడి బెంచీ' చేపల సంతలోకి పోయింది. 'ఈగల సారాకొట్టు' బస్సులు ఆగే చోటులోకి. 'రెండో మామిడిచెట్టు' మొదటి మామిడిచెట్టులోకి. కోత, బయటికి, లోపలికి, అతుకు. వెనక నిలబడ్డ నోర్విన్ ఒకటీ రెండు అని లెక్కపెడుతూ మధ్యలో ఆపేశాడు.

"ఇంకొకటుంది," అన్నాడు చివరికి.

తెర మీద 'ఇతరాలు'లో ఒకే ఒక్క ఫోల్డరు మిగిలింది. దాని పేరు 'ఆడగుర్రం చచ్చిన చోటు.'

మెల్బా దాని వంక చూసింది.

"ఇది ఎందులోది?" అన్నాడు నోర్విన్.

"ప్రస్తుతానికి ఉండనివ్వండి."

"ఏ గుర్రం?"

"ఉండనివ్వండి అన్నాను కదా."

మెల్బాది ఈ ఊరు కాదు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. ఇరవై ఆరేళ్ళప్పుడు, 1991లో, ఉత్తరాన కొండల్లో ఎస్తెలీ నుంచి పెళ్ళి చేసుకుని వచ్చింది. మొగుడు పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. అయిదేళ్ళకి ఒక ఇంజను బాగుచెయ్యడానికి సరస్సు అవతలి ఒడ్డుకి వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు. ఆమె ఇక్కడ ఉండిపోయింది. అప్పటికే కార్యాలయంలో టైపు చేస్తోంది. మొదటి రోజుల్లో ఒకతను కిటికీ దగ్గరికొచ్చి, సినిమా హాలు నుంచి రెండు వీధులు దిగువకి అన్నాడు. "ఏ సినిమా హాలు?" అని అడిగింది. అతను నవ్వాడు, వెనకున్న వాళ్ళు నవ్వారు, పక్క గదిలోంచి గుమాస్తా వచ్చి మరీ నవ్వాడు. హాలు కాలిపోయి అప్పటికి ఏడేళ్ళు. ఆ తర్వాత ఆమె ఎవర్నీ ఏదీ అడగలేదు. వినేది. అందరి మాటలూ విని విని, అటునుంచీ ఇటునుంచీ లెక్క కట్టుకుని, ఏది ఎక్కడో తేల్చుకునేది. పదేళ్ళకి ఊళ్ళోవాళ్ళే ఆమెను దారి అడగడం మొదలెట్టారు. తను ఎన్నడూ చూడని సినిమా హాలు దగ్గర్నుంచి ఆమె కొన్ని వేలమందికి దారి చెప్పింది.

లెక్కకి అందనివి కూడా కొన్నుండేవి. అవి ఒకరే చెప్పేవారు, ఒక్కసారే చెప్పేవారు. అలాంటివాటికి వాళ్ళు చెప్పిన పేరుతోనే ఒక ఫోల్డరు పెట్టి, ఎందులో పడితే అందులో వేసేది. తెలియనిది ఎక్కడ పెట్టినా ఒకటే.

ఎనిమిదిన్నరకి కిటికీ తెరిచింది. బయట వసారాలో వరస అప్పటికే మెట్ల దాకా ఉంది. అదే వసారాకి అటు చివర, రాజధాని నుంచి వచ్చిన ఇళ్ళ పట్టాల వాళ్ళు బల్ల వేసుకుని మూడు రోజులుగా కూర్చున్నారు. ఇది ఆఖరు రోజు. పన్నెండు గంటల బస్సుకి వెళ్ళిపోతారు. కొలతల పటమూ, దాని మీద మెల్బా సంతకమూ ఉన్నవాళ్ళకి పట్టా రాసిస్తారు. లేనివాళ్ళు మళ్ళీ ఎప్పుడో వాళ్ళు వచ్చినప్పుడు చూసుకోవాలి. కిందటిసారి వాళ్ళు వచ్చింది పదిహేనేళ్ళ కిందట.

పది దాటాక దోన్ అబెలీనో రుగామా వంతు వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో టోపీ. ఆయన ఇంటికి ఆనుకుని ఎవరో గోదాములు కడుతున్నారు. పోయిన నెల వాళ్ళ కంచె ఆయన అవకాడో చెట్టుని దాటి ఇవతలికొచ్చింది. కాగితం చూపించమన్నారు. ఇంట్లో ఉన్న కాగితం వరదకి నాని ముద్దయిపోయింది.

"2008లో కొలిచారు తల్లీ. నా కళ్ళముందే కొలిచారు. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక టేపు. ఆ పటమే కావాలి."

"ఎక్కడ దోన్ అబెలీనో మీ ఇల్లు?"

"ఎస్పినోసా మందుల షాపు నుంచి రెండు వీధులు ఎగువకి, ఇరవై బారలు సరస్సు వైపుకి."

ఆయన "బారలు" అనకముందే ఆమె అక్కడికి చేరుకుంది. ఇరవై బారల దగ్గర ఫోల్డరు లేదు. పది బారల దగ్గర ఒక కుట్టుపనివాడి ఇల్లుంది. ముప్పై దగ్గర ఒక ప్రార్థన మందిరముంది. మధ్యలో ఏమీ లేదు.

"ఏ ఎస్పినోసా? బస్సుల దగ్గరున్నదా, పాతదా?"

"పాతది. బస్సుల దగ్గరున్నదాన్ని నేను ఎస్పినోసా అనను. అది మనవడిది."

ఆమె వెతుకుతున్నది పాతదాన్లోనే. అయినా బయటికొచ్చి కొత్తదాన్లోకి వెళ్ళింది. అక్కడినుంచి రెండు వీధులు ఎగువకి పోతే కబేళా వస్తుంది. కబేళా పటం ఒక్కటే ఉంది. ఎడమ పక్కా, కుడి పక్కా చూసింది. దిగువకి చూసింది, ఎగువా దిగువా తడబడి రాసి ఉంటుందేమోనని. లేదు.

వరసలో గొణుగుడు మొదలైంది. మెల్బా ఒకే ఇంటికోసం ఇంతసేపు మీటలు కొట్టడం వాళ్ళెవరూ చూడలేదు.

"పేరు కొట్టి చూద్దామా?" అన్నాడు నోర్విన్.

"చూడండి," అంది మెల్బా. ఆమె అలా అనడం అతను ఊహించలేదు. తన ల్యాప్‌టాప్ మీద మొదటి రోజే తీసుకున్న నకలులో అబెలీనో రుగామా అని కొట్టాడు. కంప్యూటరు చాలాసేపు ఆలోచించి ఏమీ లేదంది. పటాలన్నీ స్కాను చేసిన బొమ్మలు. స్కానరు వాటికి దానికి తోచిన నంబరు పెట్టుకుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ నంబరు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. 'స్కాన్ 47' అనే పేరుతో నూట ఆరు పటాలున్నాయి.

"2008 తేదీతో వెతుకుతాను," అన్నాడు.

"2014లో పాత కంప్యూటరు నుంచి ఇందులోకి మార్చారు. అన్నిటికీ ఒకటే తేదీ పడింది. ఆగస్టు పదకొండు."

అతను అయినా వెతికాడు. ఆగస్టు పదకొండు.

"ఇంజనీరు గారు నిన్న ఏదో ఊడ్చేశారని విన్నాం," అంది వరసలోంచి దోన్యా చీలో. ఆవిడ మొక్కజొన్న పిండి, జున్ను కలిపి కాల్చిన చేగోడీలు అమ్ముతుంది. ఆవిడకి ఏ పటమూ అక్కర్లేదు. వరసలో నిలబడితే వెనకా ముందూ బేరం తగులుతుందని నిలబడింది. "ఊడిస్తే చెత్త పోవాలి గానీ ఇల్లు పోవడమేమిటి?"

"ఇల్లు పోలేదండి," అన్నాడు నోర్విన్.

"నీకు పోలేదు నాయనా. నువ్వు బస్సెక్కి పోతావు."

వసారాలో గడియారం పదకొండు కొట్టింది. దోన్ అబెలీనో టోపీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. పటం లేకపోతే కంచె ఎక్కడుంటే అక్కడే ఉండిపోతుంది. ఆయన అవకాడో అటువైపే ఉండిపోతుంది. ఈ సంగతి ఆయన మెల్బాకి ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పే మనిషి కాదు.

మెల్బా మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దోన్ అబెలీనో, 2008లో ఈ కిటికీ దగ్గరికి ఎవరొచ్చారు? మీరేనా?"

"నేనా? లేదు. నేను పొలంలో ఉన్నాను. మా ఆవిడ తియోఫిలా వచ్చింది."

"దోన్యా తియోఫిలా ఇల్లెక్కడని చెప్పేవారు?"

ఆయన ఆలోచించాడు. "నాకెందుకు చెబుతుంది? నాకు ఇల్లు తెలుసుగా."

"అది కాదు. ఎస్పినోసా మందుల షాపనే చెప్పేవారా?"

"అబ్బే," అన్నాడు వెంటనే. "ఆ పేరు దాని నోట రాదు. ఆ ఎస్పినోసా, పెద్దాయన, తియోఫిలా అక్కని చేసుకుంటానని మాటిచ్చి ఎక్కడో పైఊరి పిల్లని చేసుకున్నాడు. మా పెళ్ళికి ముందు సంగతి. తలనొప్పి బిళ్ళకి కూడా బస్సెక్కి పక్కూరికి పోయేది. నలభై ఏళ్ళు."

"నలభై ఒకటి," అంది దోన్యా చీలో. "నా చేగోడీలు తినడానికి కూడా ఆ మూల దాటేది కాదు. నేనే ఇవతలికొచ్చి ఇచ్చేదాన్ని."

"మరి ఇల్లెక్కడని చెప్పేవారు?" అంది మెల్బా. "ఎవరికైనా చెబుతుంటే విన్నారా? గ్యాసు వాడికి? టాక్సీ వాడికి?"

దోన్ అబెలీనో కిటికీ గట్టు మీద టోపీ పెట్టాడు.

"టాక్సీ ఎక్కింది ఒక్కసారే," అన్నాడు. "పెద్దాసుపత్రి నుంచి తీసుకొస్తుంటే. వాళ్ళిక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. డ్రైవరు కుర్రాడు, ఎక్కడికమ్మా అన్నాడు. జర్మనువాడి ఆడగుర్రం చచ్చిన చోటు నుంచి రెండు వీధులు ఎగువకి అంది. వాడు నా మొహం చూశాడు. నేను ఎస్పినోసా మందుల షాపన్నాను. దారంతా నాతో మాట్లాడలేదు."

కిటికీ ఇవతల నోర్విన్ తెర వైపు తిరిగాడు. "దోన్యా మెల్బా..."

"చూశాను."

ఆమె మూడక్షరాలు కొట్టింది. ఇతరాలు. ఎంటర్. ఆడగుర్రం చచ్చిన చోటు. ఎంటర్. లోపల 'రెండు వీధులు ఎగువకి.' ఎంటర్. స్కాన్ 47. నాలుగు గోడలు, ఒక బావి, ఒక అవకాడో చెట్టు. చెట్టు హద్దు గీతకి బాగా ఇవతల ఉంది. పైన ఆడగుర్రం పేరుతోనే చిరునామా, కింద కొలిచినవాడి సంతకం, ముద్ర, హక్కుదారు: తియోఫిలా మరాదియాగా. పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు వాళ్ళదే, కాబట్టి కంప్యూటరు పటాలు చదవగలిగినా రుగామా అని వెతికితే దొరికేది కాదు. స్కానరులో పడకముందే ఎవరో దాని మీద కాఫీ కప్పు పెట్టారు.

ప్రింటరు రెండుసార్లు కాగితాన్ని మింగి మూడోసారి ఇచ్చింది. మెల్బా ముద్ర వేసింది. పటం వెనక ఒక గడి ఉంటుంది. స్థలం చిరునామా. దాని కింద ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది: 'పై స్థలమును నేనెరుగుదును.' దాని కింద మెల్బా సంతకం చెయ్యాలి. పొద్దున ఒకరి పటంలో పైన ఒకలా, వెనక ఒకలా రాసి ఉందని పట్టాల బల్ల దగ్గరి ఆవిడ తిప్పి పంపేసింది. కాబట్టి పటం మీద ఏముందో అదే రాయాలి.

ఆమె రాసింది: ఆడగుర్రం చచ్చిన చోటు నుంచి రెండు వీధులు ఎగువకి, ఇరవై బారలు సరస్సు వైపుకి.

తర్వాత కలం ఆపింది.

ఆ వాక్యం కింద ఆమె ఇప్పటిదాకా పెట్టిన సంతకాలు ఎన్నో ఆమెకే తెలియదు. ఎప్పుడూ ఆ వాక్యం చదవలేదు, చదవాల్సినంత పొడుగు లేదు. ఇప్పుడు చదివింది. పదకొండూ ఇరవై అయింది.

"సంతకం చెయ్యండి," అన్నాడు నోర్విన్ మెల్లిగా. "దొరికిందిగా."

మెల్బా కిటికీలోంచి బయటికి చూసింది. వసారాలో పాతికమంది ఉన్నారు.

"దోన్ అబెలీనో," అంది. "ఆ గుర్రం ఎక్కడ చచ్చింది?"

"ఏ గుర్రం?"

"జర్మనువాడిది."

ఆయన కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "మీకు తెలియదా?"

"తెలియదు."

ఎవరూ నవ్వలేదు. వెనకనుంచి, ఒకప్పుడు బస్సు నడిపిన దోన్ విల్ఫ్రేదో గొంతు సవరించుకున్నాడు.

"ఏటి రేవులో చచ్చింది. అందరికీ తెలిసిందే. కాఫీ బస్తాలు వేసి ఏరు దాటిస్తుంటే కాలు విరిగింది."

"అది కంచరగాడిద," అంది దోన్యా చీలో. "జర్మనువాడిదీ కాదు, ఫాదిరీ గారిది. నువ్వు బస్సు నడుపుతూ చూశావా ఏమిటి?"

"మా నాన్న చూశాడు."

"మీ నాన్న చాలా చూశాడు. మీ నాన్న పెళ్ళికి మొసలి వచ్చిందని కూడా చెప్పేవాడు."

"పెళ్ళికి రాలేదు, పెళ్ళి పందిరి దాకా వచ్చింది."

"గుర్రం చచ్చింది పాత బ్యాంకు ముందు. ఈగలు ముసురుతున్నాయని బ్యాంకు రెండు రోజులు మూసేశారు," అంది దోన్యా చీలో.

"బ్యాంకు మూసింది ఈగలకి కాదు, మేనేజరు పారిపోయి."

"అయినా గుర్రం ఎక్కడ చస్తే ఏం, పటం ఇచ్చెయ్యండమ్మా ముసలాయనకి," అని ఎవరో అన్నారు. "చచ్చి అరవై ఏళ్ళయింది, అది లేచి ఎక్కడికీ పోదు."

మెల్బా కదల్లేదు. కలం చేతిలోనే ఉంది. పదకొండూ ముప్పై అయిదు అయింది. అటు చివర పట్టాల వాళ్ళు ఒక కుర్చీ మడిచారు.

"మీరు చెప్పండి, దోన్ అబెలీనో," అంది. "దోన్యా తియోఫిలా మీకేం చెప్పారు?"

"నాకేం చెప్పలేదు. దాని చెల్లెలికి చెబుతుంటే విన్నాను." ఆయన వరస వైపు తిరిగి అందరికీ వినబడేలా మాట్లాడాడు. "దాని కళ్ళముందే చచ్చింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. జర్మనువాడు బూట్లు కొనుక్కోడానికని గుర్రాన్ని కట్టేసి పోయాడు. మధ్యాహ్నం ఎండ. తాగడానికి చుక్క నీళ్ళు పెట్టినవాడు లేడు. నిలబడ్డదల్లా పడిపోయింది. కొట్టు గుమ్మానికి అడ్డంగా పడింది. రెండు రోజులు లోపలికి పోవాలంటే దాన్ని దాటుకుని పోవాల్సి వచ్చింది."

"ఏ కొట్టు?" అంది మెల్బా.

"మందుల షాపు," అన్నాడు దోన్ అబెలీనో. "ఎస్పినోసాది. పాతది."

దోన్యా చీలో బుట్ట మీద గుడ్డ సర్దుకుంది. "అవును," అంది. "బ్యాంకు దాని ఎదుటే. అందుకే నాకు బ్యాంకని గుర్తుంది."

నోర్విన్ ల్యాప్‌టాప్ మూసి మెల్బా వంక చూశాడు. ఆమె పొద్దున్నుంచి నాలుగుసార్లు నడిచి వెతికిన మూల అదే. మొగుడూ పెళ్ళాం నలభై ఏళ్ళు ఒకే చోటు నుంచి ఇల్లు చెప్పుకున్నారు. ఒకరు గుమ్మానికి పైన ఉన్న బోర్డు పేరు చెప్పారు, ఒకరు గుమ్మం ముందు పడినదాని పేరు చెప్పారు.

మెల్బా సంతకం చేసింది. కాగితం మీద ఊది, మడవకుండా కిటికీలోంచి ఇచ్చింది.

"నడవండి. పరిగెత్తకండి, మెట్టుంది."

వరస ఆయనకి దారిచ్చింది. వసారా పొడుగునా ఆయన నడిచి వెళ్ళడం ఆమె కిటికీలోంచి చూసింది. పట్టాల ఆవిడ మడిచిన కుర్చీ మళ్ళీ విప్పింది. పటం ముందువైపు చదివింది, తిప్పి వెనకవైపు చదివింది. ఏదో అడిగింది. దోన్ అబెలీనో చేత్తో చూపిస్తూ చెప్పాడు. చెయ్యి ఎగువకి పోయింది, తర్వాత సరస్సు వైపుకి. ఆవిడ ఇంకేదో అడిగింది. ఆయన రెండు చేతులూ చాచి ఎంత పొడుగు గుర్రమో చూపించాడు. పన్నెండుకి నాలుగు నిమిషాలుండగా ఆవిడ ముద్ర ఎత్తి కొట్టింది. చప్పుడు కిటికీ దాకా వినబడింది.

మిగిలిన వరసకి పట్టాలతో పనిలేదు. వాళ్ళని సోమవారం రమ్మని మెల్బా కిటికీ మూసింది. దోన్యా చీలో మూసిన రెక్కల సందులోంచి ఒక పొట్లం లోపలికి తోసి, డబ్బు మాట ఎత్తకుండా వెళ్ళిపోయింది. మెల్బా పొట్లం విప్పి బల్ల మధ్యలో పెట్టింది. నోర్విన్ ఒక చేగోడీ తీసుకున్నాడు. నాలుగు రోజుల్లో అతనికి ఆ గదిలో తినడానికి దొరకడం అదే మొదలు.

"నేను ఆ ఫోల్డరు జరపకపోయినా దొరికేది కాదేమో కదా," అన్నాడు.

"దొరికేది కాదు."

"ఎక్కడ పెట్టారు అప్పుడు?"

"ఐసు ఫ్యాక్టరీలో."

"ఎందుకు?"

"దోన్యా తియోఫిలా చెప్పినప్పుడు నేను తెలిసినట్టే తలాడించాను," అంది మెల్బా. "ఆవిడ ఇంకేం చెబుతుంది?"

నోర్విన్ నములుతూ తెర వైపు చూశాడు. 'ఇతరాలు' అలాగే తెరిచి ఉంది. అందులో ఒకటే ఫోల్డరు. అతను చెయ్యి తుడుచుకున్నాడు.

"గుర్రాన్ని మందుల షాపులో పెట్టేసి దీన్ని తీసేస్తాను. క్షమించండి, అడక్కుండా జరిపాను. నంబర్ల సంగతి పైవాళ్ళకి ఏదో ఒకటి రాస్తాను. ఈ పద్ధతే నయమని రాస్తాను."

మెల్బా సొరుగు లాగింది. మౌస్ డబ్బా మీద అర్జీ నకలు పచ్చబడి ఉంది. దాన్ని ఊడదీసి, డబ్బా విప్పి, మౌస్‌ని బల్ల మీద అతని వైపున పెట్టింది. తర్వాత మీటల మీద చేతులు పెట్టి ఫోల్డర్ల మొదటి వరస తెరిచింది. కింది బాణం పట్టుకుని పైనుంచి కిందికి వెళ్ళింది. చాలాసేపు పట్టింది. మధ్య మధ్య ఆగేది. ఆగినప్పుడల్లా పెదవులు కదిలేవి, దారి చెబుతున్నట్టు కాదు, లెక్కపెడుతున్నట్టు.

"'ఇతరాలు' తియ్యకండి," అంది. "నాకు తెలియని చోట్లు నాలుగు వందల దాకా ఉంటాయి. సోమవారం పొద్దున్నే రండి. అవన్నీ అందులో వేస్తాను. వేసినవి వేసినట్టు కిటికీ దగ్గర అడుగుదాం. తెలిసినదానికల్లా మీరు నంబరు వెయ్యండి."